పేరెలా రాయమంటావ్?

నా పేరు ముఖలింగం. శ్రీకాకుళం జిల్లాలో ఇదేం వింత పేరు కాదు. నరసన్నపేట బస్టాండులో నిలబడి ఈ పేరుతో ఓ కేక వేస్తే నలుగురు వెనక్కి తిరుగుతారు. మాలపేటలో పుట్టినవాడికి మాత్రం ఈ పేరు బరువెక్కువని నాకు ఆరో ఏటే చెప్పారు. పిల్లలు చదివే మాంత్రికుల నవలల గురించి రాస్తానని కూర్చుని పేరు దగ్గర మొదలెట్టాడేమిటని మీకనిపించొచ్చు. ఆ నవలలు నా చేత చదివించింది మా అమ్మాయి. అవి చదువుతున్నంతసేపూ నా బుర్ర తిరిగి తిరిగి ఈ పేరు దగ్గరికే వచ్చింది.

వంశధార ఒడ్డున, శ్రీముఖలింగం గుడికి నడిచిపోయేంత దూరంలో మా ఊరు. నాకంటే ముందు మా అమ్మకి ఇద్దరు పుట్టి పోయారు. నేను కడుపులో ఉండగా మా మామ్మ, శివరాత్రి వెళ్ళాక వచ్చే చక్రతీర్థం నాడు ఏట్లో మునిగి మొక్కుకుంది. గుడి లోపలికెళ్ళి మొక్కలేదు. ఆలయ ప్రవేశ చట్టం మద్రాసు రాష్ట్రంలో 1947లోనే వచ్చింది, మా ప్రాంతం అప్పుడు మద్రాసు కిందే ఉండేది. ఆ చట్టం సంగతి మామ్మకి ఎవరూ చెప్పలేదు. ఆమెను గుమ్మం దగ్గర ఆపిన వాళ్ళూ లేరు, రమ్మన్న వాళ్ళూ లేరు. "లోపలికి ఏల ఎల్లవు మామ్మా?" అని నేను పెద్దయ్యాక అడిగితే, "ఏటికెల్లాల? ఆయన మొకం కడిగిన నీల్లు ఇలాగే వొచ్చి ఏట్లో కలుస్తాయి. నానెల్లి మొకం ఏల సూడాల?" అనేది.

అలా నాకు ఆయన ముఖం పేరు వచ్చింది.

బడిలో వెయ్యడానికి అయ్య తీసుకెళ్ళాడు. పేరు వినగానే మాస్టారు పెన్ను ఆపాడు. తరగతిలో అప్పటికే ఒక ముఖలింగం ఉన్నాడు, బుగతోరి అబ్బాయి. "ఇద్దరు ముఖలింగాలుంటే పిలవడానికి కష్టంరా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. రిజిస్టర్లో 'లింగడు' అని రాసుకున్నాడు. అయ్య "చిత్తం బావూ" అన్నాడు. ఆ రోజు నుంచి నేను లింగణ్ణి. కష్టమైతే బుగతోరి అబ్బాయినే లింగణ్ణి చెయ్యొచ్చుగదా అని ఎవరికీ తోచలేదు. అప్పటికి నాకూ తోచలేదు.

ఇక నవలల సంగతి.

నేను సర్కారు హైస్కూళ్ళలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. మా అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉండగా స్నేహితురాలి దగ్గర హారీ పోటర్ మొదటి పుస్తకం అడిగి తెచ్చుకుంది. 1997లో ఇంగ్లండులో వచ్చిన పుస్తకం అది. రాసినామె రౌలింగ్. 2007కల్లా ఏడు పుస్తకాలయ్యాయి. మీ ఇళ్ళలో పిల్లలుంటే మీకు ఈ పేర్లు కొత్త కాదు. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. తల్లీ తండ్రీ లేని పిల్లాడు పెద్దమ్మ ఇంట్లో మెట్ల కింద అరలో పడుకుంటాడు. పదకొండో ఏట వాడికి గుడ్లగూబలు ఉత్తరాలు తెస్తాయి. నువ్వు మాంత్రికుడివి, మా బడికి రా అని. ఆ ఉత్తరం మీద చిరునామా 'మెట్ల కింద అర' అని కూడా రాసి ఉంటుంది. వాడు ఎక్కడ పడుకుంటాడో తెలిసి మరీ రమ్మన్నారు!

అది చదివిన రాత్రి నాకు జాషువా గబ్బిలం గుర్తొచ్చింది. 1941 నాటి కావ్యం. అందులో అరుంధతీయుడు తన గోడు శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. మనిషి వెళ్ళకూడని గుళ్ళోకి గబ్బిలం వెళ్తుంది గదా, అదే దానికున్న అర్హత. అక్కడ ఆ ఇంగ్లీషు పిల్లాడికి పక్షి ఉత్తరం తెచ్చి ఇచ్చింది. ఇక్కడ మనం ఉత్తరం ఇచ్చి పంపాం. మా అమ్మాయికి ఆ కథ చెబితే "మరి శివుడు జవాబు రాశాడా?" అంది. పిల్లలు అలాగే అడుగుతారు.

ఆ మాయల బడిలో నాలుగు ఇళ్ళుంటాయి. ఏ పిల్లాడు ఏ ఇంటివాడో ఒక పాత టోపీ తేలుస్తుంది. తల మీద పెట్టుకోగానే అది వాళ్ళ మనసు చదివి పైకి అరిచి చెబుతుంది. హారీ తల మీద పెట్టినప్పుడు అది తటపటాయించింది. నిన్ను ఫలానా ఇంట్లో వేస్తే గొప్పవాడివి అవుతావు అంది. పిల్లాడు లోపల్లోపలే, అక్కడ వొద్దు, అక్కడ వొద్దు అని బతిమాలుకున్నాడు. టోపీ విని మనసు మార్చుకుంది. రెండో పుస్తకంలో వాళ్ళ పెద్ద గురువు ఆ సంగతే పట్టుకుని, మనిషిని తేల్చేది వాడు ఎంచుకున్న దారేనన్న అర్థం వచ్చేలా చెబుతాడు. పిల్లలకి ఆ మాట బాగా పడుతుందట. మా అమ్మాయి దాన్ని కాగితం మీద రాసి గోడకి అంటించింది.

నేను ఆ కాగితం కింద నిలబడి చాలాసేపు చూశాను. మాటలో తప్పు లేదు. నాకు కావల్సింది అంతకు ముందు సంగతి. ఆ టోపీ ఆగింది. పిల్లాడి మాట చెవిన వేసుకుంది. మా బడిలో టోపీ బదులు రిజిస్టరు ఉంది. కులం గడి మాస్టారు మమ్మల్ని అడక్కుండానే నింపేశాడు. ఎంచుకోవడం గొప్పేగానీ, ముందు ఎవడో ఒకడు అడగాలి గదా.

అదే పుస్తకంలో ఒక తిట్టు ఉంది. మాయలు తెలియని అమ్మానాన్నలకు పుట్టి ఆ బడికొచ్చిన పిల్లని, పాత వంశం పిల్లాడొకడు 'బురద నెత్తురు' అని అర్థం వచ్చే మాట అంటాడు. ఆ పిల్ల అమ్మానాన్నలు పళ్ళ డాక్టర్లు. తరగతిలో అందరికంటే ఆమెకే చదువొచ్చు. మా అమ్మాయి ఆ పేజీ తెచ్చి నా ముందు పెట్టి, "నాన్నా, వాళ్ళకీ ఉందా?" అంది. ఏముందో పేరు చెప్పలేదు. ఎనిమిదో తరగతి పిల్లకి ఆ 'ఏముందో' అప్పటికే తెలుసని నాకు ఆ రోజు తెలిసింది. ఎక్కడ తెలిసింది, ఎవరన్నారు అని అడిగితే చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

అన్నిటికంటే నన్ను పట్టుకున్నది డాబీ. ఆ లోకంలో పెద్దిళ్ళలో పుట్టు బానిసలుంటారు. పొట్టిగా, పెద్ద చెవులతో ఉంటారు. పాత దిండు గలీబే వాళ్ళకి బట్ట. యజమాని తన చేత్తో ఒక్క బట్ట ముక్క ఇచ్చాడా, ఆ బానిసకి విడుదల. అందుకని యజమానులు పొరపాటున కూడా బట్ట ఇవ్వరు. రెండో పుస్తకం చివర హారీ యుక్తి చేసి ఒక డైరీని మేజోడులో దూర్చి ఇస్తాడు. యజమాని విసుక్కుని ఆ మేజోడు అవతల పారేస్తాడు, డాబీ దాన్ని పట్టుకుంటాడు. అంతే, విడుదల.

మా అమ్మాయి కళ్ళు తుడుచుకుంటోంది. నాకు నవ్వొచ్చింది. "ఏల నవ్వుతావు నాన్నా" అని కోప్పడింది.

మా అయ్య బుగతోరి ఇంట్లో కంబారి. ఏడాదికి ఇన్ని కుంచాల ధాన్యం అని ఒప్పందం. తెల్లారకుండా వెళ్ళి పశువుల సాల శుభ్రం చెయ్యడం దగ్గర్నుంచి రాత్రి కళ్ళంలో కాపలా పడుకోవడం దాకా పనే. మా చెల్లి పుట్టినప్పుడు చేసిన అప్పు నేను తొమ్మిదో తరగతికి వచ్చేదాకా తీరలేదు. ఆ బుగత చెడ్డవాడని ఊళ్ళో ఎవరూ అనరు. ఏటేటా సంక్రాంతికి తన పాత పంచె ఒకటి అయ్యకిచ్చేవాడు. అయ్య దాన్ని రెండు చేతులా అందుకునేవాడు. పంచె వచ్చేది, విడుదల రాలేదు. వెట్టి కార్మిక విధానం రద్దు చట్టం 1976లో వచ్చింది. ఆ మేజోడు ఢిల్లీలో ఎవరో పారేశారుగానీ అది మా ఊరి దాకా ఎగిరి రాలేదు. అయ్య దాన్ని పట్టుకునేలోపు ఆయన చేతులు వంకర్లు పోయాయి.

ఇదంతా మా అమ్మాయికి చెప్పాను. నవ్వెందుకొచ్చిందో చెప్పాలి గదా. అది కాసేపు ఊరుకుని, "తాతకి మొత్తం ఎన్ని పంచెలిచ్చారు?" అంది. నేను లెక్కపెట్టాను. నా లెక్కలో పద్దెనిమిది.

నాలుగో పుస్తకం 2000లో వచ్చింది. అందులో ఆ తెలివైన పిల్ల ఈ బానిసల కోసం ఒక సంఘం పెడుతుంది. జీతాలివ్వాలి, సెలవులివ్వాలి అంటుంది. తోటి పిల్లలు నవ్వుతారు. బడి వంటింట్లో ఉండే బానిసలైతే ఆమె మీద కోపగిస్తారు. మాకు పనే ఇష్టం, జీతం వొద్దు అంటారు. ఈ చోట నాకు రౌలింగ్ నచ్చలేదు. 'మా కంబారికి మా ఇల్లంటే ప్రాణం, పొమ్మన్నా పోడు' అని బుగతోరి అరుగు మీద చెప్పుకునే మాటే ఇంగ్లీషులో చదివినట్టయింది. పోతే ఎక్కడికి పోవాలి? అడిగిన పిల్లని నవ్వులపాలు చెయ్యకుండా రాసుంటే బాగుండేది. మా అమ్మాయి ఒప్పుకోలేదు. నవ్వినవాళ్ళది తప్పని కథలోనే తేలుతుంది కదా అంది. ఆ వాదన మా ఇంట్లో ఇంకా తెగలేదు.

నేను పిల్లాడిగా ఉన్నప్పుడు మాకు ఇవి లేవు. చందమామ ఉండేది. సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉండి హైస్కూలు చదివాను. బజార్లో పాత కాగితాల కొట్టువాడు అట్టలు పోయిన చందమామలు పది పైసలకి ఇచ్చేవాడు. రాకాసిలోయ, జ్వాలాద్వీపం, శిథిలాలయం, యక్షపర్వతం. ఒక నెల దొరికితే రెండు నెలలు దొరకవు. మధ్యలో ఏం జరిగిందో రాత్రి దీపాలార్పాక మేమే కల్పించుకునేవాళ్ళం. ఎవరు రాశారో తెలిసేది కాదు, ఆ సీరియళ్ళకి రచయిత పేరు వేసేవారు కారు. రాసినాయన దాసరి సుబ్రహ్మణ్యం అని నాకు చాలా ఏళ్ళకి తెలిసింది. యాభై ఏళ్ళ పైచిలుకు ఆ పత్రికలో పనిచేసి 2010లో పోయాడు. పేరు లేకుండా ఇన్ని లక్షల మంది పిల్లల్ని నిద్రపోనివ్వకుండా చేసిన మనిషి ఇంకొకరు ఉండరనుకుంటాను.

ఆ సీరియళ్ళ సంగతి వేరు. వాటి పక్కన వచ్చే రాజుల కథల్లో, మేం పాకల్లో నేల టిక్కెట్టుకి చూసిన జానపద సినిమాల్లో మాత్రం ఒక మెలిక తరచూ వచ్చేది. ఆవులు కాసుకునే కుర్రాడు ఉంటాడు. ధైర్యవంతుడు, తెలివైనవాడు. చివర్లో వాడి భుజం మీద పుట్టుమచ్చ బయటపడుతుంది. ఆవుల కాపరి కాదు, తప్పిపోయిన యువరాజు! రాజు గారు కౌగలించుకుంటారు. పాతాళభైరవి తోట రాముడు ఒకడు నాకు నచ్చాడు. 1951 సినిమా అది. తోటమాలి కొడుకు తోటమాలి కొడుకుగానే ఉండి రాకుమారిని చేసుకున్నాడు. వాడికి ఏ మచ్చా బయటపడలేదు.

నా ఎడమ భుజం మీద ఒక పుట్టుమచ్చ ఉంది. ఏడో తరగతిలో ఒక చలికాలమంతా దాన్ని చూసుకుంటూ గడిపాను. సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు ఉండబట్టలేక, "అమ్మా, నాను మీకు ఎక్కడైనా దొరికినానేటి?" అని అడిగాను. అమ్మ చోడి అంబలి కలుపుతోంది. తలెత్తకుండానే, "దొరికుంటే తిరిగిచ్చీసుందుం. ఒక ముంత మిగిలీది" అంది.

ఇప్పుడు నవ్వుకుంటాంగానీ, ఆ చలికాలం నేను కోరుకున్నదేమిటి? మా అయ్య మా అయ్య కాకూడదని కోరుకున్నాను. ఏ కథ చదివినా అదే చెబుతోంది మరి. తక్కువవాడిలో గొప్పతనం కనబడిందంటే వాడు తక్కువవాడు కాదన్నమాట, ఎక్కడో తప్పిపోయి వచ్చాడన్నమాట.

మా ఊరి పక్క గుడి కథే చూడండి. మామ్మ చెప్పిన కథ ఇది. ఒక సవర ముసిలోడికి ఇద్దరు పెళ్ళాలు. పెరట్లో ఇప్పచెట్టు. ఒక కొమ్మ ఒకామెది, ఒక కొమ్మ ఇంకొకామెది. ఒకామె కొమ్మకి రాలిన పూలు బంగారం అవుతున్నాయి. రెండోదానికి కళ్ళు కుట్టాయి. ఇంట్లో రోజూ గొడవ. ముసిలోడు విసిగిపోయి గొడ్డలి పట్టుకుని చెట్టు నరికేశాడు. నరికిన మోడులో శివుడి ముఖం కనబడింది. సంస్కృతంలో మధూకం అంటే ఇప్ప, అందుకే ఆయన మధుకేశ్వరుడు. శివరాత్రికి కొండల మీంచి సవరలు దిగివస్తారు. ఆ ఏటి ఒడ్డున వాళ్ళ పక్కన కూర్చుని మామ్మ ఈ కథ విన్నదో, వాళ్ళకే చెప్పిందో నాకు తెలీదు.

టీచరుద్యోగం వచ్చాక, పెళ్ళయ్యాక, నేను మొదటిసారి ఆ గుడి లోపలికి వెళ్ళాను. అర్చన చేయించబోతే గోత్రం అడిగారు. లేదన్నాను. "శివ గోత్రం అనుకుందాం" అని పూజారి మామూలుగానే చదివేశాడు. బయటికొచ్చి స్థలపురాణం పుస్తకం కొనుక్కున్నాను. ఇప్పచెట్టు ఉంది, ఇద్దరు భార్యలూ ఉన్నారు, గొడ్డలీ ఉంది. కానీ మొదట్లో మామ్మ చెప్పని సంగతొకటి ఉంది. ఆ సవరలు నిజానికి సవరలు కారట. గంధర్వులట. ఒక ముని దగ్గర యాగానికి వచ్చి శబర స్త్రీలను చూసి మోహపడ్డారట, ముని శపిస్తే శబరులై పుట్టారట. శివుడు కనబడగానే శాపం తీరిందట.

పుస్తకం మూసేశాను. నా ఏడో తరగతి పుట్టుమచ్చ నాకు మళ్ళీ కనబడింది. దేవుడు ఒక సవర మనిషికి కనబడ్డాడు. ఆ మాట మింగుడుపడక సవర మనిషినే గంధర్వుణ్ణి చేసేశారు. చెట్టూ వాడిదే, గొడ్డలీ వాడిదే, పుట్టుక మాత్రం వాడిది కాదు.

ఆ గుడికి దగ్గర్లోనే పర్వతాలపేట అని ఊరుంది, గిడుగు రామమూర్తి పంతులు పుట్టిన ఊరు. గంగరాజుల కళింగనగరం ఈ ముఖలింగమేనని శాసనాలు చదివి చెప్పినాయన. పర్లాకిమిడిలో మాస్టరీ చేస్తూ సవర భాష నేర్చుకున్నాడు, వ్యాకరణం రాశాడు, నిఘంటువు కూర్చాడు. వ్యావహారిక భాష గొడవలో ఆయన పేరు అందరికీ తెలుసు, నాకు ముఖ్యం ఇది. పుట్టిన కులం చూస్తే ఆయనకి గంధర్వుల కథే దగ్గర. అయినా సవరల ముందు కూర్చుని, దీన్ని మీరేమంటారు, దాన్ని మీరేమంటారు అని అడిగి రాసుకున్నాడు.

మా అమ్మాయి ఇంటర్‌కి వచ్చాక ఇంకో పుస్తకం పట్టుకొచ్చింది. ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ. 1968లో అమెరికాలో వచ్చింది. రాసినామె ఉర్సులా లెగ్విన్, 2018లో పోయింది. హారీ పోటర్ కంటే దాదాపు ముప్పై ఏళ్ళు ముందే మాంత్రికుల బడి గురించి రాసింది. ఇందులో కుర్రాడు మేకలు కాస్తాడు, తండ్రి కంచు పని చేస్తాడు. చివరిదాకా వాడు కంచు పనివాడి కొడుకే. ఏ రాజూ వచ్చి కౌగలించుకోడు. ఒంటి రంగు రాగిరంగు. ఆ లోకంలో ఎక్కువమంది చామనఛాయవాళ్ళు, నల్లవాళ్ళు. అలా కావాలనే రాశానని ఆమె చెప్పుకుంది. అయినా అట్టల మీద తెల్ల కుర్రాణ్ణి వేసేవారట. 2004లో టీవీకి తీసినప్పుడు హీరోని తెల్లవాణ్ణే పెట్టారు. ఆమె ఊరుకోలేదు, పత్రికలో రాసి దులిపేసింది. గంధర్వుణ్ణి చెయ్యడం మా ముఖలింగం దగ్గరే కాదు, అమెరికాలోనూ ఉందన్నమాట.

ఆ లోకంలో ప్రతి మనిషికీ రెండు పేర్లు. ఊరంతా పిలిచే పేరొకటి. అసలు పేరొకటి, పదమూడో ఏడు వచ్చేసరికి పెద్దవాళ్ళు ఇస్తారు, ప్రాణం పోయినా ఎవరికిపడితే వాళ్ళకి చెప్పరు. ఈ కుర్రాడు మాంత్రికుల బడి గుమ్మం ముందు నిలబడతాడు. తలుపు తీసే ఉంది, ఎంత నడిచినా లోపలికి వెళ్ళలేడు. మంత్రం చదివినా లాభం లేదు. ద్వారం దగ్గరున్న ముసలాయన, నీ పేరు చెప్పు అంటాడు. అసలు పేరు చెబితేనే అడుగు పడింది.

అక్కడ పుస్తకం పక్కన పెట్టాను. మా అమ్మాయికి అంతకుముందు ఎప్పుడూ చెప్పని సంగతి ఆ రోజు చెప్పాను.

1979లో నేను పదో తరగతి. పరీక్షకి పేర్లు పంపే కాగితాలు నింపుతున్నారు. పేరూ పుట్టిన తేదీ అందులో ఎలా పడితే అలాగే సర్టిఫికెట్టు మీదికి వస్తాయి. మా క్లాసు మాస్టారు పేట నుంచి చదువుకుని పైకొచ్చిన మనిషే. నా కాగితం దగ్గరికి వచ్చి ఆగాడు. 'లింగడు' అని చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఇదేం పేర్రా. రేపు ఉద్యోగానికెళ్తే బంట్రోతు కూడా నవ్వుతాడు. పేరెలా రాయమంటావ్?"

నాకు ఏం చెప్పాలో తోచలేదు. ఆయనే చెప్పాడు. "లింగమూర్తి అని రాద్దునా? లింగేశ్వర్రావు? లింగరాజు అయితే బలే ఉంటుంది. పట్నంలో ఎవడూ ఏటని అడగడు. రేపటికి ఆలోచించుకుని రా."

ప్రేమతోనే చెప్పాడు. పట్నంలో పేరు వినగానే మొహాలు ఎలా మారతాయో ఆయనకి తెలుసు. ఆ రాత్రి హాస్టల్లో లెక్కల నోటు వెనక పేజీలో లింగరాజు, లింగరాజు అని నలభైసార్లు రాశాను. సంతకం కూడా సాధన చేశాను, 'జు' కొమ్ము కిందికి లాగి. బాగుంది. పుట్టుమచ్చ బయటపడినంత బాగుంది. దీపాలార్పేశాక పడుకున్నానుగానీ నిద్ర రాలేదు. లింగరాజు ఇంటికెళ్తే అమ్మ వాడికి అంబలి పోస్తుందా అని ఒక పిచ్చి ఆలోచన వచ్చింది. మా మాస్టారు 'ఇద్దరు ముఖలింగాలుంటే పిలవడానికి కష్టం' అన్న మాట గుర్తొచ్చింది.

కష్టపడనీ అనుకున్నాను.

పొద్దున్నే వెళ్ళి, "ముఖలింగం అని రాయండి సార్" అన్నాను. ఆయన నాకేసి ఒక నిమిషం చూశాడు. పేరు మార్పుకి తండ్రి అర్జీ కావాలన్నాడు. ఆ శనివారం ఇంటికెళ్ళి అర్జీ మీద అయ్య వేలిముద్ర వేయించాను. అయ్య ఏమీ అడగలేదు. వేలికంటిన సిరా గోడకి తుడుచుకుంటూ, "ఆ పేరేనా, పాతదే?" అన్నాడు. అవునన్నాను. ఒకసారి పైకి పలికి చూసుకున్నాడు. పదేళ్ళుగా ఇంట్లో కూడా లింగా అనే పిలుస్తున్నాడు మరి.

మాస్టారు చెప్పింది అబద్ధం కాలేదు. పేరుతో తలుపు తెరుచుకుందిగానీ, గుమ్మం అవతల ఇంకో ప్రశ్న ఉంది. విశాఖపట్నంలో ట్రైనింగుకి వెళ్ళినప్పుడు అద్దె గది చూపించినామె నా పేరు విని చేతులు జోడించింది. ఆ దేవుడంటే వాళ్ళ అత్తగారికి మహా గురి అట. బియ్యం డబ్బా ఎక్కడ పెట్టుకోవాలో కూడా చూపించింది. తర్వాత ఇంటిపేరు అడిగింది. మర్నాడు వెళ్తే గది వేరేవాళ్ళకి ఇచ్చేశామంది. నాతో చదివినవాళ్ళలో ఇద్దరు పేర్లు మార్చుకున్నారు. ఒకడు శర్మ అని చెప్పుకుని మూడేళ్ళు ఒక మేడ మీద గదిలో ఉన్నాడు. చేపలు తినాలనిపిస్తే నా దగ్గరికి వచ్చేవాడు. హారీ పోటర్లో తండ్రి పేరు ఇష్టం లేక కొత్త పేరు పెట్టుకున్నవాడు లోకానికంతటికీ పెద్ద దుర్మార్గుడు. నాకు తెలిసినవాళ్ళు ఒక గది కోసం మార్చుకున్నారు. వాళ్ళని నేనెప్పుడూ తప్పుపట్టలేదు. తిరిగి తిరిగి కాళ్ళు అరిగినవాడికి గది కావాలి.

మా అమ్మాయి ఇప్పుడు విశాఖపట్నంలో డిగ్రీ చదువుతోంది. నవల రాస్తోంది, ఫోన్లోనే. సగం మంత్రాలు, సగం మా ఊరు. ముఖలింగం ఏటి ఒడ్డు, పాత కళింగనగరం, మాట్లాడే ఇప్పచెట్టు. కథానాయిక కంబారి కూతురు, పదమూడేళ్ళది. నగరం గుమ్మం దగ్గర ద్వారపాలకులుంటారు. లోపలికి రావాలంటే, నేను శాపం తగిలి ఇలా పుట్టిన గంధర్వకన్యని అని ఒప్పుకోవాలి. ఒప్పుకున్నవాళ్ళకి నిజంగానే మంత్రాలు వస్తాయి, ఎగరగలుగుతారు. కన్నతల్లి ముఖం మాత్రం మర్చిపోతారు. ఆ పిల్ల ఒప్పుకోవాలా వద్దా? మూడో అధ్యాయంలో మా అమ్మాయి ఇక్కడే ఆగిపోయింది.

"ఒప్పుకోకూడదు" అన్నాను నేను.

"ఒప్పుకోకపోతే గుమ్మం బయటే ఉండిపోద్ది. కథేటుంది నాన్నా? లోపల లైబ్రరీ ఉంది. దానికి చదువుకోవాలని ఉంది. నువ్వు పేరు చెప్పి లోపలికెళ్ళిపోయావుగదా, నీకేం."

"మరి ఒప్పుకుంటే మళ్ళీ గంధర్వుల కథేగా."

"అదే గదా నేనూ అంటున్నది."

సవర వాళ్ళ చెట్టు తీసుకుని మాల పిల్ల కథలో పెట్టొచ్చా అని కూడా అడిగాను. అది మనది కాదు గదా అని. దానికి ఆ ప్రశ్న తగిలింది. సీతంపేట వైపు నుంచి వచ్చిన సవర అమ్మాయి ఒకామె హాస్టల్లో దాని పక్క మంచమే. రాసిందంతా ముందు ఆమెకే చదివి వినిపిస్తోందట. ఆమె రెండు పేజీలు కొట్టేయించిందట. ఇప్పచెట్టు తెలుగులో మాట్లాడటం ఏటి, సవరలో మాట్లాడాలి గదా అందట. ఇప్పుడు చెట్టు మాటలు ఆమె రాస్తోంది.

మొన్న రాత్రి ఫోన్ చేసింది. కథానాయికకి మా మామ్మ పేరు పెడదామనుకుంటోందట. "నాన్నా, మీ మామ్మ పేరేంటి?"

రేషన్ కార్డులో ఒక పేరుండేది. ఓటర్ల లిస్టులో ఇంకో పేరుండేది, ఎవరికి తోచింది వాళ్ళు రాసుకున్నారు. ఆ రెండూ చెప్పాను.

"అవి కాదు. తను ఏమని చెప్పుకునేది?"

నేను ఆమెను మామ్మా అనే పిలిచాను. అయ్య అమ్మా అనేవాడు. అమ్మ అత్తా అనేది. మా మేనత్త ఒకర్తే ఇంకా బతికుంది, ఎనభై దాటాయి. అప్పటికప్పుడు ఆమెకి ఫోన్ కలిపి, ఇద్దర్నీ ఒకే లైన్లోకి తెచ్చాను. అడిగాను. చాలాసేపు మాట లేదు. వెనక ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు.

"పేరేటిరా, అందరూ ఓలమ్మీ అనే కేకేసేవోరు" అంది. మళ్ళీ కాసేపటికి, "ఉండు. సిన్నప్పుడు ఏటి కాడ మా అమ్మమ్మ ఏదో పేరెట్టి పిలిసీది. ఉండు, గేపకం సేసుకోనీ. ఫోను ఎట్టేయకు" అంది.